మేస్త్రి గారూ, నా అనుమానమూ

గుంటూరులో నా కారు చూసే మేస్త్రి గారు పోయారని మొన్న ఆయన కొడుకు ఫోన్ చేశాడు. గుండెపోటట. "నిజమేనా?" అని అడిగాను. తండ్రి పోయాడని చెబుతున్న మనిషిని అలా అడగొచ్చా? కానీ నా తీరే అంత. కిరాణా కొట్లో తూకం కూడా రెండోసారి వేయించుకుంటేగానీ కదలను. ఆయన్ని అయితే ఆరేళ్ళు అనుమానించాను. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను ఒంగోలు కాలేజీలో పాఠాలు చెబుతాను. ఉండేది పర్చూరు వైపు. నా కారు రెండు తలుపులది, పాతది, నేలను రాసుకుంటూ పోయే రకం. మిరపకాయల ట్రాక్టర్లు తిరిగే మా దారిలో ఏ ఊరివాళ్ళకి వాళ్ళు పోసుకున్న సిమెంటు స్పీడు బ్రేకర్లు ఉంటాయి. ప్రతిచోటా కారు పొట్ట గీసుకునేది. స్ప్రింగులు తీసేసి గాలి సంచులు వేయిస్తే, మీట నొక్కగానే బండి పైకి లేస్తుందని ఎవరో చెబితే ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, ఒక చెయ్యి స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పారు. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నారు.

"సంచులు వేస్తానండి. కానీ ఈ రెండు చక్రాల హబ్బులూ మార్చాలి మాస్టారూ. బేరింగు గరగరలాడతంది. మీరూ చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. సన్నగా ఏదో తగిలింది. పాత బళ్ళన్నిటికీ ఇలాగే ఉంటుందిలే, సంచులు అడిగితే హబ్బులు అంటగడుతున్నాడు అనుకున్నాను. హబ్బంటే చక్రం బిగించే ఇనుప దిమ్మ. పాతదానికే రంగేసి కొత్తదంటే ఎవరు చూడొచ్చారు? మర్నాడు మా ఆవిడ గోళ్ళరంగు జేబులో వేసుకెళ్ళి, ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు రెండు హబ్బుల మీదా చుక్క పెట్టాను.

పని అయ్యాక పాత సామాను బండి యజమానికి అప్పజెప్పడం ఆయన పద్ధతి. గోనెసంచి తెచ్చి నా ముందు విప్పి, పాత హబ్బులు చుక్క పైకి కనపడేలా పెట్టారు. "మీ గుర్తేగా మాస్టారూ?" గొంతులో కోపం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత చక్రం తిప్పి మళ్ళీ నా చెయ్యి పెట్టించారు. ఈసారి ఏమీ తగల్లేదు.

అయినా బుద్ధి రాలేదు. వారం తిరక్కుండా ఒక పొద్దున చూస్తే కారు ఎడమవైపు చతికిలబడి ఉంది. నేరుగా షెడ్డుకి పోయి, సంచికి గాలి వెళ్ళే పైపు పాతది వేసి కొత్తదని చెప్పారంటూ నలుగురి ముందూ అరిచాను. ఆయన సబ్బునీళ్ళు తెచ్చి అతుకులన్నిటికీ రాశారు. ఎడమ సంచి దగ్గర బుడగలొచ్చాయి. అక్కడి నట్టు మీద స్పానరు జారిన గీతలున్నాయి. అవి నావి. పైపు కొత్తదో కాదో చూద్దామని ముందురోజు నేనే ఊడదీసి, చేతనైనట్టు బిగించాను. ఆయన గీతలు చూశారు, నన్ను చూశారు.

"గాలి కదండీ, సందు దొరికితే ఆగదు" అని మాత్రం అని, బిగించి లేచారు.

ఊడదీసింది నేనేనని ఒప్పుకోలేదు. పైగా కాలేజీలో ఆయన పనితనం అంతంతమాత్రమని చెప్పాను. గుంటూరు నుంచి వచ్చే ఇద్దరు లెక్చరర్లు ఆయన దగ్గరికి వెళ్ళడం మానేశారు. నా బండి మాత్రం ఆయన దగ్గరికే తీసుకెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ టీ తెప్పించేవారు. ఇవాళ చెప్పేయాలి అనుకునేవాణ్ణి, టీ తాగి వచ్చేసేవాణ్ణి. "అనుమానం మంచిదే మాస్టారూ, నాక్కూడా నా నట్టు మీద అనుమానమే" అంటూ బిగించిన నట్టునే మళ్ళీ బిగించి చూసుకునేవారు. ఆ హబ్బుల మీదే ఆరేళ్ళు రోజూ క్షేమంగా ఇంటికొచ్చాను. ఆ మాటైనా ఆయనతో అనలేదు. సిగ్గుగా ఉంది.

నిన్న ఆ ఇద్దరు లెక్చరర్లకీ నిజం చెప్పాను. "ఇప్పుడెందుకండీ" అన్నారొకరు.

ఇవాళ షెడ్డుకి వెళ్ళాను. ఆయన చివరగా పనిచేసిన కారు ఇంకా అక్కడే ఉంది. దాని యజమాని, చీరాల బట్టల వ్యాపారి, మోకాళ్ళ మీద కూర్చుని ఫోను లైటు వేసి చక్రం వెనక్కి తొంగిచూస్తున్నాడు.

"మేస్త్రి గారు చేసిన పనండి. చూడక్కర్లేదు" అన్నాను.

ఎగాదిగా చూశాడు. "మీకు ఆయన ఏమవుతారు?"

పైపు సంగతి, నా అరుపుల సంగతి, అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, మళ్ళీ లైటు వేసి వంగాడు. అతను చూడటం అయ్యేదాకా నేను పక్కనే నిలబడ్డాను.