చిట్టీల పిల్ల సూర్యకళ

అనకాపల్లి బెల్లం మార్కెట్లో సూర్యకళ అన్న పేరు ఎవరికీ పెద్దగా తెలియదు. చిట్టీల పిల్ల అంటే మాత్రం దిమ్మలు మోసే కలాసీ దగ్గర్నుంచి షావుకారు దాకా అందరికీ తెలుసు. గొలుగొండ అవతల కొండవాలులో సామలూ కందులూ పండించుకునే జోగి కూతురు ఆమె. నర్సీపట్నంలో కంప్యూటర్ డిగ్రీ చేసి, ఆ డిగ్రీకి తగిన ఉద్యోగం దొరక్క, షావుకారు గంగాధరం కొట్లో కాటా పక్కన కూర్చుని రెండేళ్ళు చిట్టీలు రాసింది. రైతు పేరు, బెల్లం దిమ్మలెన్ని, వేలంలో పాడిన ధర, తూగిన బరువు. చిట్టీ మీద ఉండేది అంతే. ఆ చిట్టీ చేతికొస్తే తప్ప రైతు ఇంటికి కదలడు.

రాయగా రాయగా, ఈ పని మిషను చెయ్యలేదా అనిపించింది ఆమెకి. జీతంలో మిగుల్చుకుని పాత సామాన్లతో ఒక కంప్యూటర్ కట్టించుకుంది. ఆరు నెలలు సాయంత్రాలన్నీ దాని ముందే కూర్చుని ప్రోగ్రామ్ రాసింది. చూపిస్తే గంగాధరం మురిసిపోయాడు. "బాగుందమ్మాయి, చూద్దాం" అన్నాడు. ఇదంతా 2008 నాటి మాట.

ఆ చూద్దాం మీద ఆమె నాలుగు నెలలు ఆశ పెట్టుకుంది. ఈలోగా గంగాధరం అల్లుడు వెంకటసాయికృష్ణ హైదరాబాదు నుంచి వచ్చి, ఇంటర్నెట్లో రుమేనియా దేశపు కుర్రాళ్ళిద్దరిని పట్టానని, మామగారి కొట్టుకి వాళ్ళు సాఫ్ట్‌వేర్ రాసేస్తున్నారని చెప్పాడు. వాళ్ళు చెరుకుగడను కూడా చూసి ఉండరు. అయితేనేం, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. గంగాధరం బజారంతా తిరిగి రుమేనియా మాట చెప్పుకున్నాడు. సూర్యకళ మాట ఒక్కరికీ చెప్పలేదు.

ఆమె ఊరుకోలేదు. ఎదురెళ్ళి అడిగింది.

"బాబూ, రెండూ ఒక్కరోజు పక్కపక్కన పెట్టి నడిపి సూడండి. ఏది బాగుంటే అదే ఉంచుకోండి."

కాదనడానికి గంగాధరానికి నోరు రాలేదు. సోమవారం అని ఖాయం చేశాడు. సూర్యకళకి ఆ సోమవారమే ఇంకో గడువు కూడా ఉంది. పరవాడలో ఒక మందుల కంపెనీ వాళ్ళు లాబ్ కాగితాలు కంప్యూటర్లో ఎక్కించే పని ఇస్తామన్నారు. చేరేదీ లేనిదీ సోమవారం అయిదింటిలోగా ఫోన్లో చెప్పాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. తన ప్రోగ్రామ్ నెగ్గితే తను రాసినదాన్ని తనే నడుపుకుంటూ ఇక్కడే ఉండొచ్చు. ఓడితే ఇంకెవరో రాసిన కాగితాలు కొట్టుకుంటూ పరవాడ బస్సులో తిరగాలి.

సోమవారం పొద్దున్నే కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. పక్క బల్ల మీద అల్లుడి లాప్‌టాప్ మెరుస్తోంది. దాని ముందు కొట్టు గుమాస్తాని కూర్చోబెట్టారు. రైతులు దిమ్మలు రాశులుగా పేర్చుకుని నిలబడ్డారు. కాటా దగ్గరుండే సన్యాసిరావు ఆమె వైపు చూసి తలూపాడు.

వేలం పాట మొదలైంది. సూర్యకళ మొదటి రైతు పేరు కొట్టింది. తెర మీద ఒక్కటే వాక్యం వచ్చింది: ఈ రోజు అమావాస్య, మార్కెట్ సెలవు.

అమావాస్యనాడు మార్కెట్‌కి సెలవని, షావుకారు మెచ్చుకుంటాడని, ఆ ఏటి అమావాస్యలన్నీ గోడ క్యాలెండర్ చూసి తనే ఎక్కించింది. ఆ రోజుల్లో అమ్మకం రాయకుండా తాళం కూడా వేసింది. ఈ నెల అమావాస్య సోమవారం మధ్యాహ్నం వచ్చి మంగళవారం మధ్యాహ్నం దాకా ఉంది. క్యాలెండర్ సోమవారం అంది. మార్కెట్ వాళ్ళు పొద్దు పొడిచే వేళకి ఉన్న తిథినే లెక్కలోకి తీసుకుని మంగళవారం సెలవన్నారు. రెండేళ్ళూ గేటు దగ్గర బోర్డు చూసి సెలవు తీసుకుందే తప్ప, ఆ లెక్క ఎలా కడతారో ఆమె ఎవరినీ అడగలేదు. నాకు తెలుసులే అనుకుంది.

అల్లుడు తెర మీదకి వంగి చూసి నవ్వాడు. గంగాధరం నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"ఏటమ్మాయీ ఇది? బయటివాళ్ళంటే సరే. ఇక్కడ ఇన్నాళ్ళు పని చేసి, మార్కెట్ ఎప్పుడుంటుందో నీకు తెలీదా?"

పాట ఎవరి కోసమూ ఆగదు, రెండో రాశి కూడా అయిపోయింది. కంప్యూటర్లో తేదీ ఒక రోజు వెనక్కి తిప్పేస్తే క్షణంలో పని జరుగుతుంది. అప్పుడు చిట్టీలన్నిటి మీదా దొంగ తేదీ పడుతుంది. ఆమె ఆ పని చెయ్యలేదు. తను రాసిన ప్రోగ్రామ్‌నే తెరిచి ఆ తాళం వెతకడం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో మీటలు, కుడి చేత్తో పెన్ను. పాడిన ధర చెవిన పడగానే రోజూలాగే చిట్టీ మీద రాసుకుంటోంది. తొందరలో రెండుసార్లు తప్పు చోట దిద్దింది.

"కంగారుపడకే పిల్లా. తూకం నేను గట్టిగా సెప్తాను, నువ్వు రాసుకో" అన్నాడు సన్యాసిరావు.

పదకొండు రాశులు దాటాక తాళం ఊడి తెర తెరుచుకుంది. చేత్తో రాసినవన్నీ ఎక్కించింది. పదిహేనో రాశికల్లా పాటని అందుకుంది. అప్పటిగ్గానీ గుక్కెడు నీళ్ళు తాగలేదు.

రెండింటికి పాట ముగిసింది. చిట్టీలు తియ్యమన్నారు. ముందు అల్లుడి లాప్‌టాప్. రంగుల చిట్టీలు చకచకా వచ్చాయి. మొదటిది గొలుగొండ రైతు బాబ్జి చేతికి ఇచ్చారు. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"షావుకారుగారూ, ఇరవై దిమ్మలు తెచ్చేను. ఒక్క కేజీ తూగిందని రాసేరేటండి?"

అన్నిటి మీదా ఒక్క కేజీయే. మన మార్కెట్లో ముందు ధర పాడతారు, ఆ తర్వాతే కాటాకి ఎత్తుతారు. రుమేనియా ప్రోగ్రామేమో ముందు బరువు చెబితే గానీ ధర గడి తెరవనంది. పాట వేగానికి గుమాస్తా అన్నిటికీ ఒకటి కొట్టుకుంటూ పోయాడు. పోనీ తర్వాత దిద్దుదామంటే దిద్దనివ్వలేదు.

"అది చిన్న విషయం మామయ్యా. వాళ్ళకి మన పద్ధతి తెలీదు కదా. మెయిల్ పెడితే మార్చేస్తారు" అన్నాడు అల్లుడు.

"అవునవును. ఎక్కడో ఉన్నారు, వాళ్ళకేం తెలుస్తుంది పాపం" అన్నాడు గంగాధరం.

సూర్యకళ చెవులు భగ్గుమన్నాయి. తనకి దక్కని ఆ పాపం అన్న మాట, ముఖమైనా చూడనివాళ్ళకి ఎంత సులువుగా దక్కింది.

రైతులు ఆమె బల్ల చుట్టూ మూగారు. ఇప్పుడు ఆమె చిట్టీలు తప్ప ఇంకో దారి లేదు. నా ప్రోగ్రామే ఉంచుకుంటామని ముందు మాట ఇవ్వండి, తర్వాతే చిట్టీలు తీస్తానని అడగొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బాబ్జికి నాలుగింటి బస్సు తప్పితే ఆ రాత్రికి కొండ చేరలేడు. ఆమె ఆ మాట మింగేసి చిట్టీలన్నీ తీసింది. ఒక్కటీ తప్పు పోలేదు. వరస తరిగిపోయేసరికి నాలుగున్నర.

అప్పుడడిగింది. "సూసేరు కదా బాబూ. మరి ఏటంటారు?"

గంగాధరం అల్లుడి వైపు చూశాడు. అల్లుడు సెల్‌ఫోన్ వైపు చూశాడు.

"నువ్వు తెలివైనదానివేనమ్మా. వాళ్ళ దాంట్లో తప్పులు సరిచెయ్యాలంటే మన పద్ధతులు చెప్పేవాళ్ళు కావాలి కదా. నువ్వుండు. అల్లుడికి చెప్తూ ఉండు, వాళ్ళు రాస్తారు."

"సెప్పేది నేను, రాసేది ఆళ్ళా? నా తప్పు మీ ఎదురుగానే దిద్దుకున్నాను. ఆళ్ళ తప్పు దిద్దడానికీ నేనే కావాలంటన్నారు. మరి నేను రాసింది ఎందుకు పనికిరాదు బాబూ?"

గంగాధరం గొంతు తగ్గించాడు. అతను చెడ్డవాడు కాడు, అందుకే నిజం చెప్పాడు. "అల్లుడి మాట తీసెయ్యలేనమ్మా. పైగా నువ్వు మా కొట్లో చిట్టీలు రాసే పిల్లవి. మా సాఫ్ట్‌వేర్ నువ్వు రాశావంటే బజారు నవ్వదా? ఇంకో నెల పోనీ, చూద్దాం."

ఆమెకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆ కోపంతోనే కంప్యూటర్ తీగలు ఊడదీసి దుప్పట్లో చుట్టింది. సన్యాసిరావు వద్దంటున్నా వినకుండా తనే చంకన పెట్టుకుని రోడ్డు మీది ఫోన్ బూత్‌కి నడిచింది. అయిదుకి పది నిమిషాలుంది.

"పరవాడ ఆఫీసా అండి? సూర్యకళని. సేరతానండి. ఎల్లుండి బుధవారం వత్తాను."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి గంగాధరం బూత్ గుమ్మంలో ఉన్నాడు. పరుగున వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"రేపంటే సెలవు. మరి బుధవారం కాటా దగ్గర ఎవరు కూర్చుంటారమ్మాయీ?"

"మీరు మెచ్చుకున్న రుమేనియావోళ్ళే వత్తారు బాబూ" అని సూర్యకళ ఆటోని పిలిచింది.