తోరణం కింద రెండు రాజ్యాలు

మొన్న మనవడు గేటుకు ఎర్ర రంగు వేయిస్తుంటే, ఆ వార్నీసు వాసన ముక్కుకు తగలగానే కుర్చీలోంచి లేచి ఎడ్ల కోసం చూశాను. మా ఇచ్చోడ వైపు ఊళ్ళలో ఎడ్ల పండుగైన పొలాల అమావాస్య నాడు వాడవాడలా అదే వాసన. వాగులో తోమి తెచ్చిన ఎడ్లు, ఎరుపూ ఆకుపచ్చా పూసిన కొమ్ములు, నుదుట బాసింగాలు, వీపు మీద అద్దాలు కుట్టిన జూలు గుడ్డ, ఇంట్లో పెనం మీద పొంగే పూర్ణం పోలెలు, ఎడ్లు తినేదాకా మాకు పెట్టరని తెలిసి వాటి చుట్టూ గుటకలు మింగుతూ తిరిగే మేము.

సాయంత్రం ఊరి ఎడ్లన్నీ మామిడాకుల తోరణం ముందు నిలబడేవి. ఊరి పెద్ద విఠల్ పటేలు జోడు దాటాకే ఎవరిదైనా దాటాలి. తాతల నాటి రివాజు.

మా బాపు పోశెట్టికి చాలా కాలం ఒకటే ఎద్దు, మల్లిగాడు. పటేలు కొట్టంలో జోడు లేనిది సోమిగాడు. రెంటినీ ఒకే కాడికి కట్టి ఒకరోజు మా చేను, ఒకరోజు వాళ్ళ చేను దున్నేవారు. ఎడమవైపు దాపట మల్లిగాడు, కుడివైపు వలపట సోమిగాడు, అయిదేండ్లు అంతే. తర్వాత మాకు పత్తి బాగా పండింది. బాపు అంగడికి పోయి రెండో ఎద్దును తెచ్చాడు, దాంతోపాటు ఒక ఎర్ర రుమాలూ తెచ్చాడు. పొత్తు తెగింది. పటేలూ సోమిగాడికి కొత్త జోడు తెచ్చుకున్నాడు.

"గీసారి మన ఎడ్లే ముంగట" అన్నాడు బాపు, రుమాలు తలకు చుట్టుకుంటూ.

"గది జర దాసిపెట్టు. నెత్తి పలిగినంక కట్టు కట్టుకోను పనికొస్తది" అంది అవ్వ, మా అమ్మ.

అయిదో తరగతితో బడి మానినా, గ్రంథాలయంలోని బీరువాన్నర పుస్తకాలూ చదివినదాన్ని నేను. గ్రీసు దేశంలో పాత పట్టణమొకటి, ఎదుగుతున్న కొత్త పట్టణాన్ని చూసి భయపడి, రెండూ గుల్లయ్యేదాకా కొట్టుకున్న సంగతి బాపుకు విడమరిచి చెప్పాను.

"గాళ్ళకు ఎన్ని ఎడ్లుండె బిడ్డా?" అని అడిగాడు.

పుస్తకంలో లేదన్నాను.

"మరేం సదివినవ్?"

పండుగ పొద్దున మా దాయాదులు కర్రలకు నూనె పట్టించారు. అది చూసి పటేలు మనుషులు పట్టించారు. వాళ్ళను చూసి మావాళ్ళు రెండోసారి పట్టించారు. పోలెలు కాల్చడానికి అవ్వకు చుక్క నూనె మిగల్లేదు.

సాయంత్రం రెండు జోళ్ళూ ఒకేసారి తోరణం ముందుకు వచ్చాయి. డప్పులు ఆగిపోయాయి.

"అరె పోశెట్టీ, ఎన్కకు జరుగు. నిన్నగాక మొన్న జోడు కట్టినవ్."

"నేనెందుకు జరగాలె పటేలా? నీ ఎద్దుకేమన్న అయిదు కాళ్ళున్నయా?"

వెనక కర్రలు లేచాయి. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కర్రల కింద నాకు బాపు ఎర్ర రుమాలు ఒక్కటే కనబడుతోంది.

అప్పుడు మల్లిగాడు పగ్గం పట్టిన బాపును కూడా గుంజుకుంటూ పటేలు జోడు మధ్యలోకి దూరాడు. సోమిగాడిని వాసన చూసి, వాడికి దాపటి పక్కన నిలబడ్డాడు. కాడి వేస్తారని రెండూ మెడలు వంచాయి. ఎంతకీ ఎవరూ వేయకపోయేసరికి, పొద్దుగూకితే చేను మిగిలిపోతుందనుకున్నాయో ఏమో, అడుగులో అడుగు వేసుకుంటూ తోరణం దాటాయి. పగ్గాలు వదలని బాపూ పటేలూ భుజాలు రాసుకుంటూ వాటి వెనక ఈడ్చుకుపోయారు. మామిడాకులకు తగిలి రుమాలు ఊడిపడింది. కొత్త ఎడ్లు రెండూ ఇవతలే నిలబడి ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

ముందు నవ్వింది అవ్వే.

"చూసిన్రా, పాత జోడే ముంగట దాటింది" అన్నాడు పటేలు, ధోతి దులుపుకుంటూ.

"మా మల్లిగాడు అరడుగు ముంగట్నే ఉన్నడు" అన్నాడు బాపు. చచ్చేదాకా అదే మాట. నూనె తాగిన కర్రలు మా చిక్కుడు పందిరికి పదేండ్లు పనికొచ్చాయి.

నిరుడు ఊరికి పోతే తోరణం కింద ఒక్క ఎద్దు లేదు. పూలదండలు వేసుకున్న రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా ఆగి, ఎవరు ముందని గొడవ. సర్దిచెప్పడానికి పోలీసులు రావలసి వచ్చింది. ట్రాక్టరుకు ట్రాక్టరు వాసన తెలియదు కదా.

పాత పెద్ద దేశమూ, ఎదిగొచ్చిన కొత్త దేశమూ కర్రలకు నూనె పట్టిస్తున్నాయని పేపర్లో ఇప్పటికీ చదువుతుంటాను. చదివిన ప్రతిసారీ ఆ రెండింటి చరిత్ర పుస్తకాలు తెప్పించుకుని, ఎప్పుడైనా ఒకే కాడి కింద దున్నాయేమోనని వెతుకుతుంటాను.