గడి మీది రాగి కోడి

మా ముత్తాత కేశవరావు దేశ్‌ముఖ్, ఆయన తండ్రి జగన్నాథరావు దేశ్‌ముఖ్. జగిత్యాల వైపు పద్నాలుగు ఊళ్ళ శిస్తు మా గడి మెట్ల మీద తేలేది. ఆ గడి కప్పు మీద ఒక రాగి కోడి ఉండేది. గాలి ఎటునుంచి వస్తే అటు ముక్కు తిప్పేది. మా జిల్లాలో ఆసుపత్రి నడిపిన అమెరికన్ మిషనరీ డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ దాన్ని ముత్తాతకు ఇచ్చాడు. అమెరికాలో అతని తండ్రి పశువుల కొట్టం మీద ఉండేదట. పల్లె పనివాళ్ళు చేతితో కొట్టి చేసిన అలాంటి వస్తువుల్ని అక్కడివాళ్ళు ఇప్పుడు వెతికి వెతికి కొంటున్నారు.

గడి చేతులు మారినప్పుడు కోడి నా వంతుకు వచ్చింది. పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నాడు మా పెదనాన్న కొడుకు. నేను ఫోటో తీసి, ఇంటర్నెట్‌లో వెతికి, ఇలాంటివి సేకరించే ఒక అమెరికన్ ఆవిడకు పంపాను. ఖతర్‌లో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరై, దోహా పక్కనున్న అల్ వక్రాలో ఉంటోంది. ఫోటోలో ఉన్నట్టే ఉంటే తీసుకుంటాననీ, కింద మా ముత్తాత పేరు రాయిస్తాననీ జవాబిచ్చింది. ఆ పేరు కోసమే బయలుదేరాను. ఆ సంగతి పెదనాన్న కొడుక్కి నలుగురి ముందూ చెప్పి మరీ బయలుదేరాను.

హైదరాబాదులో విమానం తెల్లవారుజామున నాలుగింటికి లేచింది. కోడిని దుప్పట్లో చుట్టి, పెద్ద సంచిలో పెట్టి, సామానుతో వేశాను. దోహాలో కస్టమ్స్ అతను సంచి విప్పించి, చూసి, నవ్వి పంపేశాడు. పాత బజారు దగ్గర లాడ్జిలో కిటికీ లేని గది దొరికింది. పరోటా, కరక్ చాయ్ తీసుకుని పడుకున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకు మెట్రో ఎక్కాను. రెండు రియాళ్ళ టికెట్టు. గోల్డ్ క్లాసు కావాలనిపించింది గానీ ధర చూసి ఊరుకున్నాను. ఎదుటి సీట్లో ఉన్నతను నా వాలకం చూసి తెలుగులో ఊరడిగాడు. చెప్పాను. అతని పేరు మల్లేశం, ఇండస్ట్రియల్ ఏరియాలో పనివాళ్ళ క్యాంపులో ఉంటాడు, శుక్రవారం సెలవు. మాదీ ఆ ఊరే అన్నాడు. సంచిలోంచి బయటికొచ్చిన తోక వంక చాలాసేపు చూశాడు.

“గిది గడి మీది కోడి గాదె, దొరా? మా తాత దసరకు దసరకు కప్పెక్కి తోమెటోడు. ఒక్కపారి జారి పడి కాలిరిగింది. కూలి మాత్రం లేకుండె.”

ఆ ‘దొరా’లో మర్యాద ఎంతో, ఎకసెక్కెం ఎంతో నాకు తేలలేదు. పనేమన్నా పడితే ఫోన్ చెయ్యమని నంబరిచ్చి, నాతోపాటే అల్ వక్రాలో దిగి, బావమరిదిని చూడటానికి వెళ్ళాడు.

ఆవిడ ఇల్లు స్టేషన్ నుంచి టాక్సీలో పది నిమిషాలు. గోడల నిండా వేటగాళ్ళు నీళ్ళలో వదిలే కొయ్య బాతులు, అతుకుల బొంతలు, రంగు పెచ్చులూడిన దుకాణం బోర్డులు. తుడిచే మనిషి లేదేమో అనుకున్నాను.

దుప్పటి విప్పాను. ఆవిడ కోడిని ముట్టుకోలేదు. ఫోన్ తీసి నేను పంపిన ఫోటోను దాని పక్కన పెట్టింది. ఫోటోలో కోడి ఒళ్ళంతా చిలుముతో పచ్చగా ఉంది. నలభై ఏళ్ళుగా కప్పెక్కినవాళ్ళు లేరు మరి. ఒకరింటికి తీసుకెళ్ళే రాగి వస్తువు అలా ఉంటే ఎలాగని, బయలుదేరే ముందు ఇద్దరు మనుషుల్ని పెట్టి చింతపండుతో రెండు రోజులు తోమించాను. అద్దంలా ఉంది.

“నాకు కావలసింది ఆ పచ్చదనమే,” అంది ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా. “మీరు దాన్ని కడిగేశారు.”

మా ఇంట్లో మాసిన రాగి ఎవరి ముందూ పెట్టరని చెప్పాను. అర్థం చేసుకోగలననీ, కోడి మాత్రం వద్దనీ అంది. కాఫీ ఇచ్చింది. టాక్సీకి డబ్బివ్వబోయింది. నేను తీసుకోలేదు.

తిరిగి ఇంటికి మోసుకెళ్తే పెదనాన్న కొడుకు నవ్వుతాడు. స్టేషన్ బెంచీ మీద అరగంట కూర్చుని మల్లేశానికి ఫోన్ చేశాను.

“గంతేనా? మా కరీంనగర్ సలీం భాయ్‌కి ముఐథర్ల హోటలుంది. మెరిసేది ఏదైనా తీస్కుంటడు. యల్లా, పోదాం పా.”

చీకటి పడుతుండగా దోహాకు పడమరనున్న ముఐథర్ చేరాం. సలీం భాయ్ కోడిని లైటు కింద అటూ ఇటూ తిప్పాడు.

“మస్తు మెరుస్తుంది సాబ్. కొత్తదేనా?”

నూరేళ్ళు దాటిందన్నాను.

“అట్ల కనిపిస్తనే లేదు,” అన్నాడు మెచ్చుకోలుగా.

కింద మా ముత్తాత పేరు ఒక చిన్న రేకు మీద రాయించమని అడిగాను. జీవితంలో ఒకరిని అలా అడగడం నాకు అలవాటు లేదు.

“పేరెందుకు సాబ్? బోర్డు మీది నా పేరే ఎవ్వడు సదువడు. బిర్యానీ తింటరు, పోతరు.”

మల్లేశం పక్కకు తిరిగి నవ్వాడు. వంటవాడొకడు స్టూలెక్కి కోడిని గల్లాపెట్టె పైన బిగించాడు. ఏసీ గాలికి అది గిర్రున తిరిగి, ముక్కు ఏసీ వైపు పెట్టి నిలబడింది. మాకు బిర్యానీ పెట్టారు. మల్లేశం రెండోసారి వడ్డించుకున్నాడు. నాకు తినబుద్ధి కాలేదు.

మర్నాడు ఉదయం విమానానికి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని నడిచాను. హైదరాబాదులో దిగుతూనే పెదనాన్న కొడుకు ఫోన్. కోడిని ఎక్కడ పెట్టారని అడిగాడు. ఖతర్‌లో, బాగా పైన పెట్టారని చెప్పాను.

ఖతర్ శుభ్రమైన దేశం. మెట్రో చవక, జనం నెమ్మది. పాత వస్తువులు తీసుకెళ్ళేవాళ్ళు తోమకుండా తీసుకెళ్ళండి. మా గడి మీది రాగి కోడిని ముఐథర్‌లోని బిర్యానీ హోటలుకు తూకం లెక్కన అమ్మాను.