ఔర్ ఏక్ సేఠ్‌లు, ఒక్క రూపాయి పసుపు

ఆ రోజుల్లో మనిషి మాటకు విలువ ఉండేదని పెద్దలు అంటుంటారు. మా నాందేడ్ మోండాలో, అంటే పంటలు అమ్మే మార్కెట్లో, విలువ మాటకు కాదు, గొంతుకు ఉండేది. ఆ గొంతు మా మేనమామది. ఆయన పసుపు కుప్ప మీద నిలబడి హర్రాజు పాట ఎత్తుకుంటే గోదావరి అవతలి ఒడ్డున బర్రెలు తలలెత్తేవి. (ఎక్కడో దూరాన ఉన్న భోకర్ దాకా వినిపించేదని మా అత్త అనేది. నేను కొంచెం తగ్గించి చెబుతున్నాను.) అంకె పలికే హక్కు ఆయన ఒక్కడిదే. సరుకు కొనే సేఠ్‌లెవరూ ధర పలికేవాళ్లు కాదు. "ఔర్ ఏక్" అనేవాళ్లు, అంతే. మామ పలికిన దానిమీద ఇంకో రూపాయి అని అర్థం. ఆ రెండు మాటలతోనే మూడంతస్తుల మేడలు కట్టిన సేఠ్‌లు ఉండేవారు అక్కడ.

ఎనభైల చివర్లో మోండాకు కంప్యూటరు వచ్చింది. ఇక అరుపులు వద్దు, ప్రతి సేఠూ కుప్ప నంబరు వేసి తన ధర చీటీ మీద రాసి ఇస్తే, యంత్రమే అన్నిటిలోకీ పెద్ద ధరను రైతుతో జత చేస్తుందని కచేరీ సాహెబు చెప్పాడు. ఒక్క రోజు పరీక్ష. యంత్రం నెగ్గితే మామ ఇంట్లో కూర్చోవాలి. ఇంతకీ దాన్ని నడిపేది ఎవరు? హైదరాబాదులో నలభై రోజులు మీటలు నొక్కడం నేర్చుకొచ్చిన నేనే. ఉండేదేమో మామ ఇంట్లో, తినేది అత్త కాల్చిన జొన్నరొట్టె. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి నా రొట్టె మీద నువ్వుల కారం మాయమైంది. తప్పు తూగే కాటాను చూసినట్టు మామ నన్ను చూడసాగాడు. నేను గదిలోకి రాగానే మాట ఆపేసేవాడు, నా చొక్కా గుండీల్లో కూడా వైర్లు ఉన్నాయన్నట్టు.

అనుమానం ఆయన ఒక్కడిదే అయితే బతికిపోదును. తమ ధర పక్కవాడికి చెప్పేస్తుందని సేఠ్‌లకు యంత్రం మీద అనుమానం. పెట్టె లోపల ఎవరో కూర్చున్నారని కూడా ఒకాయన అన్నాడు. (వెనక మూత విప్పి చూపించాను. ఆయన తొంగి చూసి, "పొట్టోడు గావచ్చు" అన్నాడు.) పరీక్ష రోజు పన్నెండు మంది సేఠ్‌లూ రుమాళ్ల చాటున చీటీలు రాసి, పదహారు మడతలు పెట్టి, జిగురంటించి ఇచ్చారు. మొదటి కుప్ప భోకర్ వైపు నుంచి వచ్చిన ఒక రైతుది. చీటీలు విప్పాను. పన్నెండింటిలోనూ ఒకటే రాత: ఔర్ ఏక్.

ఎవడు ఎంత రాసినా తనది ఒక రూపాయి ఎక్కువ ఉండాలని ప్రతివాడి యుక్తి. దేనిమీద ఎక్కువో ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. ధర గడిలో యంత్రానికి అక్షరాలు ఎక్కవు, అంకెలే ఎక్కుతాయి. 'ఏక్' ఉంది కదా అని పన్నెండుసార్లు ఒకటి కొట్టాను. యంత్రం ఎలుగుబంటిలా గుర్రుమని, క్వింటాలు పసుపు ఒక్క రూపాయికి మొదటి చీటీ సేఠ్‌కు ఖాయమని పచ్చటి అక్షరాల్లో తేల్చింది.

రైతు యంత్రం అచ్చేసిచ్చిన కాగితం పట్టుకొని నా వైపు చూశాడు. "ఏంది సారూ ఇది? దీనికి ఖాళీ సంచి గూడ రాదు గదా" అన్నాడు. మొదటి చీటీ సేఠ్ అప్పటికే హమాలీలను కేకేస్తున్నాడు. నేను అతని మనిషినని మిగతా పదకొండు మందీ తీర్మానించేశారు. సాహెబు ముఖం పసుపు కంటే పచ్చబడింది. అప్పుడు మామ, ఎవరూ అడగకుండానే, చెప్పులు విడిచి కుప్ప ఎక్కి గొంతెత్తాడు. పావుగంటలో పసుపు మంచి ధరకు పోయింది. సాయంత్రానికి యంత్రం గోనెపట్టా కప్పుకొని కచేరీ మూలకు చేరింది, దాని వెనకే నా ఉద్యోగం.

ఇద్దరం ఇంటికి నడిచాం. మామ వంతెన దగ్గర ఆగాడు.

"అల్లుడా, నిజం చెప్పు. తెల్వక కొట్టినవా, తెల్సే కొట్టినవా?"

తెలియకే కొట్టాను. కానీ ఆయన ముఖంలో ఆశ చూశాక అబద్ధమే చెప్పాను.

"తెల్సే మామా."

"నాకు ఎర్కనే" అని రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. గొంతు ఉన్నన్నాళ్లూ ఆ కుప్పల మీదే పాట పాడాడు. మేనల్లుడు తన కోసం కొలువు వదులుకున్నాడని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాడు. నేను ఏనాడూ దిద్దలేదు. అప్పటి నాలోని ఆ ఇరవై రెండేళ్ల మొద్దును తలచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది. కాస్త తెలివున్నవాడైతే "ధర రాయండి సేఠ్" అని ఆ చీటీలు వెనక్కి ఇచ్చేసి ఉండేవాడు, మామ ఆనాడే మూగవాడయ్యేవాడు.