ఒకవేళ మామగారి సంచి

మామగారికి ఉన్న జబ్బు ఒక్కటే. దాని పేరు 'ఒకవేళ'. గుమ్మం దాటాలంటే ఆయన చేతిలో సంచి ఉండాలి, ఆ సంచిలో లోకంలోని ప్రతి ఉపద్రవానికీ ఒక విరుగుడు ఉండాలి. పార్సిల్ ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ మూటలు కట్టి, రిటైరయ్యాక చెయ్యి ఊరుకోక ఇంట్లోవాళ్ళ మీద పడ్డారని అందరి ఫిర్యాదు. సెలూన్‌కు వెళ్తూ దువ్వెన, అద్దం, కత్తెర వెంట తీసుకెళ్ళిన మనిషాయన. "ఒకవేళ అక్కడ లేకపోతే?" అన్నారట. ఆ సెలూన్ యజమాని చాలాకాలం ఆయనతో మాట్లాడలేదట.

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కొత్త అల్లుడు ఈ కథలన్నీ విని పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాడు. అందరూ కలిసి థీమ్ పార్కుకు వెళ్దామన్న రోజున మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది. తప్పు సంచిది కాదు. అతనికి ఎత్తంటే చచ్చేంత భయం. దుకాణం రోడ్డు మట్టానికే పెట్టుకోవడానికి అసలు కారణం అదేనని భార్యకు కూడా చెప్పలేదు. పైగా పెళ్ళికి ముందు బావమరిది అడిగితే, "రోలర్ కోస్టరా? దానిమీద కూర్చుని టీ తాగుతాను" అని కోతలు కోశాడు. బావమరిది ఇలాంటి మాటలు మరిచిపోయే రకం కాదు.

ముందురోజే పరువు పోవలసింది. వరండాలో మాడిపోయిన బల్బు మార్చమని అత్తగారు నిచ్చెన వేయిస్తే, అల్లుడు రెండో మెట్టు మీదే బిగుసుకుపోయాడు. పైకీ వెళ్ళడు, కిందికీ రాడు. అంతలో మామగారు వచ్చి, "దిగండి అల్లుడుగారూ! ఒకవేళ ఆ బల్బు వేడిగా ఉంటే?" అని చెయ్యి పట్టుకుని దింపి, తనే ఎక్కేశారు. ఎప్పుడో మాడిపోయిన బల్బు వేడిగా ఎలా ఉంటుందో అల్లుడికి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే హాల్లో సంచి నోరు తెరుచుకుని కూర్చుంది. దాని ఎదురుగా మామగారు.

"టార్చిలైటు," అన్నారు లోపల పెడుతూ.

"పగలు వెళ్తున్నాం నాన్నా!" అంది కూతురు.

"ఒకవేళ మబ్బు పడితే?"

"బూటు లేసులెందుకు? అందరం చెప్పులే కదా!"

"ఒకవేళ బూట్లవాళ్ళెవరైనా ఎదురైతే?"

బట్టలారేసే తాడు, క్లిప్పులు, స్క్రూడ్రైవరు, ఈల, అలారం గడియారం వరసగా లోపలికెళ్ళాయి.

"అలారం దేనికండీ?" అన్నారు అత్తగారు.

"ఒకవేళ నీకు కునుకు పడితే?"

"నాకు కునుకేమిటి!" అని ఆవిడ కళ్ళెర్ర చేశారు. హెడ్‌మిస్ట్రెస్‌గా బడినంతటినీ కంటిచూపుతో నిలబెట్టిన మనిషి. తనకు ఫలానాది చేతకాదన్న మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు.

పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి తెరిచాడు. తాడు తీశాడు, క్లిప్పులు తీశాడు, అలారం తీస్తుంటే అది కాస్తా మోగింది.

"ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తున్నారా సార్?"

"లేదు బాబూ, సాయంత్రానికి వెళ్ళిపోతాం."

సగం తవ్వేసరికి అతనికి నీరసం వచ్చింది. "మీరెళ్ళండి సార్. మళ్ళీ సర్దే ఓపిక నాకు లేదు." మామగారు అతని చొక్కాకు గుండీ లేదని గమనించి, ఒక పిన్నీసు బహుమానంగా ఇచ్చి కదిలారు.

లోపల 'కొండచిలువ' అనే రోలర్ కోస్టర్ ఆకాశంలో మెలికలు తిరుగుతోంది. దానిమీది జనం అరుపులు వినగానే అల్లుడు చెప్పు సరిచేసుకునే నెపంతో కిందికి వంగాడు.

"బావా, ఫ్లాస్కులో టీ ఉంది. పోసివ్వనా?" అన్నాడు బావమరిది.

"రండి, ముందు సీట్లోనే కూర్చుందాం," అని భార్య చెయ్యి పట్టుకుని లాగింది.

అప్పుడు మామగారు సంచిని బెంచీ మీద ధబ్బున పడేశారు. "ఆగండి. సంచికి కాపలా ఎవరు?"

"ఎప్పుడూ నువ్వూ అమ్మేగా నాన్నా!" అంది కూతురు.

"ఈసారి బరువు పెరిగింది. మీ అమ్మకు తోడు గట్టి మనిషి ఉండాలి. అల్లుడుగారూ, మీరు ఎక్కాలని ఉబలాటపడుతున్నారు, నాకు తెలుసు. కానీ పెద్దవాణ్ణి అడుగుతున్నాను."

"పాపం, ఆయనెంత ఆశపడ్డారో!" అంది భార్య.

అల్లుడు ఏడుపు మొహం పెట్టడానికి నానా తంటాలు పడ్డాడు. "పెద్దవారి మాట ఎలా కాదంటాను మావయ్యగారూ!"

బావమరిదికి అనుమానం వచ్చి సంచి ఎత్తబోయాడు. అది ఓ పట్టాన లేవలేదు. "అమ్మో! దీనికి నిజంగానే ఇద్దరుండాలి," అని ఒప్పేసుకున్నాడు.

"మరి నువ్వు నాన్నా?" అంది కూతురు.

"నేనా? ఒకవేళ బాగుంటే?" అని మామగారు కూతురి చెయ్యి పట్టుకుని పరుగందుకున్నారు.

కొండచిలువ కొండకొమ్ములాంటి చోటికి పాకింది. ముందు సీట్లో మామగారు రెండు చేతులూ పైకెత్తి కేరింతలు కొడుతున్నారు. అల్లుడు తెల్లబోయాడు. "ఈయనకు ఇవంటే ఇంత ఇష్టమా అత్తయ్యగారూ?"

"ఇష్టమేమిటి, పిచ్చి! ఇన్నేళ్ళూ నాతో బెంచీ మీద కూర్చున్నారు గానీ." ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నాకు కళ్ళు తిరుగుతాయి. పిల్లలకు చెప్పకండి."

"నాకూ తిరుగుతాయండీ," అన్నాడు అల్లుడు, ఇంకా తగ్గించి.

"తెలుసు. బల్బు సంగతి ఆయన చెప్పారు. మంచినీళ్ళు తాగండి."

సీసా కోసం సంచిలో చెయ్యి పెడితే అడుగున గట్టిగా ఏదో తగిలింది. తువ్వాలు విప్పి చూశాడు. ఇటుక! పక్కనే ఇంకో తువ్వాలు, ఇంకో ఇటుక.

"పాతది నాది," అన్నారు అత్తగారు. "రెండోది నిన్న సాయంత్రం పెరట్లోంచి తెచ్చారు. అది మీది."

జుట్టంతా నిక్కబొడుచుకుని మామగారు తిరిగొచ్చారు. అల్లుడు చెవిలో అడిగాడు. "సంచిలో ఇటుకలెందుకండీ?"

కొడుకు దూరంగా ఉన్నాడో లేదో ఆయన చూసుకున్నారు. "ఒకవేళ సంచి తేలికైపోతే?"

అల్లుడు తన ఇటుకను తువ్వాలులో పదిలంగా చుట్టి, యథాస్థానంలో పెట్టేశాడు. ఫ్లాస్కు మూత తీసి అత్తగారికీ తనకూ టీ పోశాడు.

"ఇంకోసారి ఎక్కి రండి మావయ్యగారూ," అన్నాడు. "ఒకవేళ మొదటిసారి సరిగా చూడకపోతే?"