గుండయ్య నైట్‌హాల్ట్ ప్రణాళిక

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో గుండయ్య ఇంటి ముందు చబూత్రా అరుగు మీద కూర్చుంటే ఎదురింటి గోడ, దాని నీడలో రెండు మేకలు, పైన చిక్కుపడ్డ కరెంటు తీగలు తప్ప ఇంకేమీ కనిపించవు. అయినా మహానగర ప్రాంతీయ ప్రణాళిక అక్కడి నుంచే నడుస్తున్నదని ఆ గల్లీ వాళ్ల ప్రగాఢ విశ్వాసం.

గుండయ్య ముప్పై ఒక్కేళ్లు సిటీ బస్సు కండక్టరు. రిటైరై నాలుగేళ్లయింది. ఉద్యోగం ఆయన్ను వదిలింది గానీ స్టేజీలు వదల్లేదు. ఆ గల్లీలో ఎవరు కిరాయి రూం చూసినా, కొత్త పనిలో కుదిరినా, ముందుగా వచ్చి ఆయన్ను అడగాలి. లేకపోతే తర్వాత వచ్చి ఆయన ముందు ఏడవాలి.

"బాపూ, సంతోష్‌నగర్ల రూం చూసిన. మస్తుగున్నది. నల్లా ఇంట్లనే," అన్నాడు ఒకరోజు గల్లీ కుర్రాడొకడు.

"పని ఏడ?"

"పటాన్‌చెరు కంపెనీల."

"రూం మంచిదే బిడ్డా. నువ్వే అండ్ల ఉండవు. పొద్దంత బస్సులనే ఉంటవు. ఆ కిరాయేదో బస్సోళ్లకే ఇయ్యరాదు?"

ఇల్లు, పని, బస్సు. వీటిలో ఏ రెండు కుదిరినా మూడోది వచ్చి చెడగొడుతుందన్నది ఆయన సిద్ధాంతం. ఇదే సంగతిని పెద్దాఫీసుల్లో రంగుల పటాలు వేసి, మూడు వందల పేజీల్లో చెబుతారు. చదివిన వాళ్ల సంఖ్య మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష కృష్ణమ్మ రూపంలో వచ్చింది. కృష్ణమ్మ గుండయ్య పక్క వాటాలో పన్నెండేళ్లుగా కిరాయికుంటున్న మనిషి. భర్త పోయినంక ఇద్దరాడపిల్లలను తనే సాకుతోంది. అఫ్జల్‌గంజ్ పక్కన ఒక పెద్ద దవాఖానలో సఫాయి పని. పొద్దున ఆరింటికి మిషన్ మీద వేలిముద్ర పడాలి. ఆరూ ఐదుకు పడితే సగం రోజు జీతం పోతుంది. నెలకు మూడుసార్లు అట్లా పోతే పనే పోతుంది.

ఆమెకు లాటరీలో సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు తగిలింది. గల్లీ అంతా లడ్డూలు తిన్నది. ఇల్లు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల అవతల, ఊరి బయట ఉందని లడ్డూలు అయిపోయాక తెలిసింది. నెల లోపల చేరకపోతే వేరేవాళ్లకు ఇస్తామని ఒక కాగితం కూడా వచ్చింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీనే. తెల్లవారుజామున ఆ కాలనీలో లేనిదల్లా బస్సు. మొదటిది ఏడుంబావుకు.

"ఇల్లు పట్టుకుంటే పని పోతది, పని పట్టుకుంటే ఇల్లు పోతది. ఏం జెయ్యాలె బాపూ?" అన్నది కృష్ణమ్మ.

గుండయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని సమన్వయానికి బయల్దేరాడు.

ఇండ్ల ఆఫీసులో ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, ఇల్లిచ్చుడు మా పని. ఇంట్లకెళ్లి బయటికి పోవుడు మా కిందికి రాదు. జనం చేరితే బస్సు అదే వస్తది."

డిపోలో మేనేజరు ఇంకా మర్యాదగా మాట్లాడాడు. "గుండన్నా, బస్సులో ఎక్కెటోళ్లు ఉండాలె గద. జనం చేరినంక చూద్దాం."

దవాఖాన సూపర్‌వైజరు ఒక్కడే సూటిగా మాట్లాడాడు. "ఆరంటే ఆరే."

గుండయ్య ఆ కాలనీకి పోయి, గేటు దగ్గర రెండు రోజులు నిలబడి తలలు లెక్కపెట్టాడు. చేరిపోయి అవస్థ పడుతున్నవాళ్లు, ఇల్లు చూడ్డానికి వచ్చి చేరడానికి భయపడుతున్నవాళ్లు అందరూ కలిసి పొద్దున ఆరింటి లోపల అఫ్జల్‌గంజ్ వైపు రావాల్సిన ఆడవాళ్లు నలభై ముగ్గురు. దవాఖాన వాళ్లు, పూలమ్మేవాళ్లు, ఇండ్లలో పనిచేసేవాళ్లు. ఎవరు ఏ స్టేజీలో దిగుతారో వరుసగా రాసి మేనేజరు ముందు పెట్టాడు.

మేనేజరు కాగితం చూసి మెత్తబడ్డాడు. "ఐదు కాకముందు అక్కడినుంచి కదలాలంటే బండి రాత్రి అక్కడనే ఆగాలె. నైట్‌హాల్ట్ వెయ్యాలె. డ్రైవరు, కండక్టరు పండెటందుకు జాగ ఏది?"

ఇల్లు, ఉపాధి, రవాణా అనే మూడు మహాసమస్యలూ ఇట్లా ఇద్దరు మనుషులు ఎక్కడ నిద్రపోవాలన్న ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగాయి.

జాగా దొరికింది. కాలనీలో ఒక బ్లాకు మెట్ల కింద, కాంట్రాక్టరు వదిలేసిన పగిలిన టైల్సుతో నిండిన రూం. గుండయ్య మళ్లీ ఇంజనీరు దగ్గరికి పోయాడు.

"ఆ రూం ప్లాన్ల లేదే," అన్నాడు ఇంజనీరు నక్షా తిప్పి చూస్తూ.

"ప్లాన్ల లేని రూంకు మీ పర్మిషన్ ఎందుకు సార్?"

ఇంజనీరు నక్షా మడిచి, చాయ్ తెప్పించాడు. దాన్ని గుండయ్య అనుమతిగా స్వీకరించాడు.

ఆడవాళ్లు టైల్సు ఎత్తిపోసి, సున్నం కొట్టి, ఫ్యాను బిగించారు. మేనేజరు పది రోజులు చూస్తానన్నాడు. "రెండుసార్లు లేటైందంటే బంద్." కృష్ణమ్మ కాగితంలో గడువు కూడా సరిగ్గా ఆ పదో రోజే. ఆమె ధైర్యం చేసి ట్రాలీ ఆటోలో బీరువా ఎక్కించింది.

బస్సు వచ్చిన మొదటి సాయంత్రం గుండయ్య ఒకే ఒక్క పొరపాటు చేశాడు. "స్టాఫ్‌ను మంచిగ అర్సుకోండ్రి" అని ఆడవాళ్లకు చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ల అనుభవం ఉన్నవాడు అనాల్సిన మాట కాదు. తొమ్మిది ఇండ్ల నుంచి తొమ్మిది టిఫిన్ గిన్నెలు వచ్చాయి. బగారన్నం, తలకాయ కూర, బోటి, చేపల పులుసు. డ్రైవరు ఎల్లేష్ ఒక గిన్నె ముట్టుకుంటే రెండో గిన్నె ఆమె చిన్నబోయింది. ఆమెను ఊరడించేసరికి మూడో ఆమె, "అంటే నా కూర బాగలేదా తమ్మీ?" అని నిలదీసింది. ఎల్లేష్ ఎవరి మనసూ నొప్పించకుండా తొమ్మిదీ ఖాళీ చేసి పడుకున్నాడు. ఫలితంగా, తెల్లవారి నాలుగూ యాభైకి కదలాల్సిన బస్సు ఐదున్నరకు కదిలింది. కృష్ణమ్మ వేలు ఆరూ ముప్పై ఐదుకు మిషన్ మీద పడింది. సగం రోజు పోయింది.

మేనేజరు ఫోన్ చేశాడు. "గుండన్నా, ఒకటైంది."

ఆ మధ్యాహ్నమే గుండయ్య కాలనీలో మీటింగు పెట్టాడు. దినానికి ఒక్క ఇల్లే వండాలి. రెండు జొన్నరొట్టెలు, పప్పు, మజ్జిగ. కూర సంగతి శనివారం రాత్రి చూద్దాం. తెల్లవారితే ఆదివారం, బండి ఆలస్యంగా కదులుతుంది.

కొమురమ్మ అనే పూలామె లేచి నిలబడింది. "రెండు రొట్టెలు ఏసి పంపుతే ఇజ్జత్ ఉంటదా అన్నా? మేమేమన్న కంజూసోళ్లమా?"

"అక్కా, నీ ఇజ్జత్ గిన్నెల లేదు. నాలుగూ యాభైకి ఉన్నది."

"మరి నెయ్యన్న రాయొచ్చా?"

దీని మీద లొల్లి గంటసేపు నడిచింది. చివరికి రొట్టెకు ఒక చెంచా చొప్పున నెయ్యి మంజూరైంది. ఎల్లేష్ మాత్రం ఈ తీర్మానం విని ఊపిరి పీల్చుకున్నాడట.

తర్వాతి ఎనిమిది రోజులు బస్సు టైముకే కదిలింది. ఒకరోజు టైరు కంకరలో కూరుకుపోతే పూలవాళ్లూ సఫాయివాళ్లూ దిగి చేతులతో కంకర తీసి మళ్లీ ఎక్కారు. పదో రోజున కృష్ణమ్మ వేలిముద్ర ఐదూ యాభై ఆరుకు పడింది. మేనేజరు ట్రిప్పును పక్కా చేస్తూ సంతకం పెట్టాడు.

అదేరోజు పది గంటలకు ఇండ్ల ఆఫీసు మనిషి తనిఖీకి కాలనీకి వచ్చాడు. ప్రతి తలుపుకూ తాళం. బస్సు పుణ్యమా అని జనమంతా పనులకు పోయారు. ఎవరూ చేరలేదని రాస్తుండగా, కృష్ణమ్మ ఇంటి ముందు తీగ మీద ఆమె బిడ్డలు బడికి పోతూ ఆరేసిన చీర నుంచి నీటిచుక్క వచ్చి సరిగ్గా ఆయన కాగితం మీద పడింది. ఆయన తలెత్తాడు. అంతస్తు పొడుగునా తడిబట్టలు. రాసింది కొట్టేసి, ఉంటున్నారని మళ్లీ రాశాడు.

సాయంత్రం కృష్ణమ్మ వచ్చేసరికి తలుపుకు చీటీ అంటించి ఉంది. రెండుసార్లు చదివి, గుండయ్యకు ఫోన్ చేసింది.

"బాపూ, నేను ఈడనే ఉంటున్ననట. సర్కారే రాసిచ్చింది."

"మంచిగైంది. తిని జల్ది పండుకో. పొద్దుగాల బండి నీ కోసం ఆగది."

"ఆగది బాపూ," అన్నది కృష్ణమ్మ సంతోషంగా, తలుపు తీస్తూ.