అనీబల్ ఎంచుకున్న బీచి

తల ఊపడంలో అనీబల్ గోరోసితోని మించినవాడు మా బల్కార్సె ఊళ్ళో లేడు. ఏమడిగినా ఊపుతాడు. వాన వచ్చేట్టుందా అన్నా ఊపుతాడు, మీ ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది అన్నా ఊపుతాడు. కొత్తవాళ్ళు ఎంత మర్యాదస్థుడో అనుకునేవారు. పాతవాళ్ళు పొగరనుకునేవారు. అసలు సంగతి ఎరిగిన మనిషి ఆయన భార్య ఎల్సా ఒక్కతే. ఆమె మూడేళ్ళ కిందట ఆ సంగతిని కడుపులో పెట్టుకునే మట్టిలోకి వెళ్ళిపోయింది.

సంగతి ఇంతే. అనీబల్‌కి చెవులు పోయాయి. పదహారో ఏట రాతి క్వారీలో చేరినవాడు యాభై నాలుగో ఏట బయటికొచ్చాడు. అన్నేళ్ళూ కొండకి మందు పెట్టి పేల్చడం, బండని కంకర చేసే యంత్రం పక్కన నిలబడడం. చెవుల్లో దూది పెట్టుకోండ్రా అని మేస్త్రీ మొత్తుకుంటే పళ్ళికిలించిన కుర్రాళ్ళలో తనూ ఒకడు. చెవి ఒక్క రోజున పోదు కదా! ముందు పిచ్చుకల అరుపులు పోయాయి. తర్వాత రేకుల మీద వాన. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు. ఇప్పుడు చడీచప్పుడూ లేని గదిలో, ఎడమ పక్కన కూర్చుని, మొహం చూపిస్తూ మాట్లాడితే ముప్పాతిక అర్థమవుతుంది. మిగతా పావుకి తల ఊపుతాడు.

ఎల్సా ఉన్నన్నాళ్ళూ ఆమే ఆయన చెవులు. డాక్టరు దగ్గర ఆమే మాట్లాడేది, బేకరీలో ఆమే బేరమాడేది. పదిమందిలో ఉన్నప్పుడు ఎక్కడ నవ్వాలో బల్ల కింద మోకాలి మీద తట్టేది. ఆమె పోయాక నవ్వడం కూడా మానేశాడు పాపం.

కూతురు గ్రిసెల్దా మూడు వీధుల అవతల ఉంటుంది. మొగుడు వదిలేసి పోయాడు. బంగాళాదుంపలు కడిగి బస్తాలకెత్తే షెడ్డులో పని. ఆమె పనికి పోయాక ఐదేళ్ళ మనవరాలు మిలెనా మధ్యాహ్నాలు తాత దగ్గర ఉండేది. ఆ మధ్యాహ్నాలే ఆయన బతుకు. మిగతా పూటంతా గడియారం వంక చూడడమే.

క్వారీలో ఆ మోతకి నోటిమాట పనికిరాదు, అంతా చేతుల భాషే. రెండు చేతులూ తలపైన అడ్డంగా పెడితే ఆగమని, మందుకి నిప్పంటించారని. టోపీ తీసి తలపైన గిరగిరా తిప్పితే గండం గడిచింది, ఇక రావచ్చని. ఇవన్నీ మిలెనాకి ఆటగా నేర్పాడు. పిల్ల పిడుగు! స్నానానికి రమ్మంటే చేతులు అడ్డం పెట్టేది. సూపు చల్లారగానే వంటింటి గుమ్మంలో నిలబడి తన పసుపు టోపీ తిప్పేది.

గ్రిసెల్దాకి అనుమానం లేకపోలేదు. కిందటి చలికాలం ఆమె ఇరవై నిమిషాలు తలుపు బాదినా ఈయన తీయలేదు. కునుకు పట్టిందని బొంకాడు. ఆ రోజే ఆమె నెమ్మదిగా అంది: "నాన్నా, నీకు వినపడకపోతే చెప్పెయ్. తప్పేముంది? పిల్లని ఒఫేలియా పిన్ని దగ్గర దింపి పోతాను."  చెవులు లేకపోయినా బతకొచ్చు, పిల్ల లేకుండా ఎలాగ? వినపడుతుందనే చెప్పాడు. ఒకసారి చెప్పాక రోజూ చెప్పాల్సొచ్చింది.

ఫిబ్రవరి వచ్చింది, మా వైపు ఎండాకాలం చివరి నెల. మార్చిలో బడి తెరుస్తారు. డెబ్భై కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకుని మిలెనా ఇంతవరకు దాని మొహం చూడలేదు. బడి తెరిచేలోగా చూపిస్తానని తాత మాటిచ్చాడు. దుంపలు తవ్వే రోజులు, గ్రిసెల్దాకి శనివారం కూడా సెలవు లేదు. ఇక తాతా మనవరాలే వెళ్ళాలి. ఎక్కడికన్నదే తగువు. శుక్రవారం సాయంత్రం వంటింట్లో మొదలైంది.

"మార్ చికీతా వెళ్ళండి నాన్నా. అక్కడ సముద్రం మడుగులా లోపలికొస్తుంది. పిల్లకి మోకాలిలోతు. జనం కూడా ఉండరు."

"పీతలుంటాయి. మార్ దెల్ ప్లాతా వెళ్తాం. బ్రిస్తోల్ బీచికి."

"ఫిబ్రవరి శనివారం బ్రిస్తోల్‌కా! అక్కడ ఇసుక కనపడదు, వీపులే కనపడతాయి. మతిగానీ పోయిందా?"

"నేనూ మీ అమ్మా ఏటా అక్కడికే వెళ్ళాం."

"అమ్మ పక్కనుంది కాబట్టి వెళ్ళావు!"

అనీబల్ బల్ల మీద రొట్టె తుంపులు ఏరుతూ కూర్చున్నాడు. ఆయన భయం వేరు. మార్ చికీతాకి వెళ్ళాలంటే దారిలో దిగి బస్సు మారాలి. ఏ బస్సని ఎవర్నో అడగాలి, ఎక్కడ దిగాలో డ్రైవర్ని అడగాలి, వాళ్ళేదో చెబుతారు, తను తల ఊపుతాడు, ఇద్దరూ ఏ పొలాల మధ్యో తేలతారు. బ్రిస్తోల్‌కైతే ఒక్కటే బస్సు. దిగి జనం వెంట నడిస్తే సముద్రం అదే వస్తుంది. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. మనిషి బీచిని లోతు చూసి ఎంచుకుంటాడు, నీడ చూసి ఎంచుకుంటాడు. ఈయన చెవుల్ని దాచుకోవడానికి ఎంచుకున్నాడు.

చివరికి గ్రిసెల్దాకి విసుగొచ్చింది. "సరే, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అంత జనంలో ఒక్కటే ధైర్యం, పిల్ల తప్పిపోతే ఎవరో ఒకరు భుజాలకెత్తుకుంటారు, చుట్టూ అందరూ చప్పట్లు కొడతారు. చప్పట్లు ఎటు వినిపిస్తే అటు పరిగెత్తు. వినపడతాయి కదా?"

"వినపడతాయి."

"నా మొహం చూసి చెప్పు నాన్నా."

"వినపడతాయన్నానుగా! బతికుండగానే చెవిటోణ్ణి చేసి మూల కూచోబెడతావా ఏంటి?"

బల్ల కింద బొమ్మతో ఆడుకుంటున్న మిలెనా తలెత్తి ముందు తాతని, తర్వాత అమ్మని చూసింది. మళ్ళీ బొమ్మ మీదికి వంగింది.

శనివారం పదకొండు గంటలకల్లా వాళ్ళు బ్రిస్తోల్ ఇసుక మీద ఉన్నారు. గ్రిసెల్దా చెప్పింది అక్షరాలా నిజం, కాలు పెట్టే సందు లేదు. గొడుగుకీ గొడుగుకీ మధ్య జానెడు జాగాలో దుప్పటి పరిచాడు. మిలెనా సముద్రాన్ని చూసి తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది, తర్వాత వదిలేసింది, తర్వాత ఎర్ర బకెట్టుతో పాతిక సార్లు నీళ్ళు మోయించింది. రొట్టెపొడి పట్టించి వేయించిన మాంసం ముక్కలు రొట్టెలో పెట్టుకుని ఇద్దరూ తిన్నారు. పక్క గొడుగు కింద పడక కుర్చీలో ఒక లావుపాటి ఆవిడ మిలెనాకి ద్రాక్షపళ్ళు ఇచ్చింది, అనీబల్‌తో ఏదో అంది. ఆయన తల ఊపాడు.

గాలి రేగింది. కెరటాల హోరూ, వేలమంది గోలా కలిసి ఆయన చెవుల్లో పాత యంత్రం తిరుగుతున్నట్టే ఉంది. గాలికి వీపు పెట్టి, ఫ్లాస్కులోని వేడినీళ్ళు మాతే ఆకు నింపిన సొరబుర్రలోకి ఒంపుకుంటూ, గొట్టంతో ఆ కషాయం పీలుస్తూ కూర్చున్నాడు. వెనకనుంచి భుజానికి ఏదో తగిలినట్టయింది. అలవాటుగా తల ఊపాడు.

రెండోసారి నీళ్ళు ఒంపుకుని తిరిగి చూస్తే పిల్ల లేదు. ఎర్ర బకెట్టూ లేదు.

ముందు నవ్వొచ్చింది, గొడుగు చాటున దాక్కుందేమోనని. గొడుగు చాటున లేదు. లేచి నిలబడ్డాడు. పసుపు టోపీ కోసం చూశాడు. దేవుడా, లోకంలో ఇన్ని పసుపు టోపీలా!  నీళ్ళవైపు పరిగెత్తాడు, ఎవరి కాళ్ళనో తొక్కాడు, ఎవరో తిట్టారు కాబోలు నోళ్ళు తెరుచుకున్నాయి. ప్యాంటుతోనే నడుంలోతు దిగి ప్రతి తలనీ చూశాడు. అవి తలలో, నురుగో, బంతులో తెలియడం లేదు.

"మిలెనా!" అని అరిచాడు. గొంతు చిరిగేలా అరిచాడు. అరిచాక తెలిసింది, పిలిచి ఏం లాభం? "తాతా" అని అది పలికినా తనకి వినపడేది ఏముంది? పక్కనే ఉండి పలుకుతోందేమో. మునిగిపోతూ పలుకుతోందేమో.

ఒడ్డుకి తిరిగితే జనం చప్పట్లు కొడుతున్నారు.

ప్రాణం లేచొచ్చింది. దొరికింది! కానీ ఎటు? చెవులున్నవాడికి మోతే దారి చూపిస్తుంది. అనీబల్‌కి కనిపించేవి చేతులే. ఎడమన చేతులు, కుడిన చేతులు, మెట్ల మీద చేతులు, అందరూ కొడుతున్నారు, అందరూ నవ్వుతున్నారు, ఏ మొహమూ ఇటు అని చెప్పడం లేదు. చేతులు ఎక్కువున్న వైపు పడుతూ లేస్తూ పోయాడు. ఎవరి భుజాల మీదో ఒక పిల్లాడు, ఆకుపచ్చ నిక్కరు, ఏడుస్తున్నాడు. మిలెనా కాదు. ఇంతలో వాడి తల్లి వచ్చి వాణ్ణి గుండెలకి హత్తుకుంది. చేతులన్నీ ఆగిపోయాయి. జనం ఎవరి పళ్ళు వాళ్ళు, ఎవరి పేకముక్కలు వాళ్ళు అందుకున్నారు.

అనీబల్ ఇసుకలో చతికిలబడ్డాడు. ఇప్పుడు ఇంకో మూల చప్పట్లు మొదలైతే? మొదలై ఆగిపోతే? పోలీసులు పిల్లని తీసుకుపోతే? సముద్రమే తీసుకుపోయి ఉంటే? గ్రిసెల్దాకి ఏ నోటితో చెప్పాలి? వినపడతాయన్న ఈ నోటితోనేనా! నా చెవులు పోయిన రోజునే నేనూ పోయుంటే పీడా వదిలేది అనుకున్నాడు.

ఎలాగో దుప్పటి దగ్గరికి తిరిగొచ్చాడు. పక్క గొడుగు ఆవిడ లేచి నిలబడి గాభరాగా ఏదో చెబుతోంది. పెదాలు గబగబా కదులుతున్నాయి. ఆయన ఆవిడ వంక చూస్తూ తల ఊపాడు. పిల్ల మాయమైన ఆ ఘడియలో కూడా, పాడు అలవాటు, తల దానంతటదే ఊగింది. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ ఊపాడు. అప్పుడు తన తల ఊగుతున్నట్టు తనకే తెలిసింది. తలని రెండు చేతులతో పట్టుకుని ఆపాడు.

"నాకు వినపడదమ్మా!" అని అరిచాడు. "చెవిటోణ్ణి! ఒక్క ముక్క వినపడదు! చేత్తో చూపించు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూశారు.  ఆవిడ చెయ్యి నడుమెత్తున పెట్టింది, ఇంత పిల్ల అని. బకెట్టు పట్టుకున్నట్టు పిడికిలి బిగించింది. ఆయన కూర్చున్న చోటు వెనక నిలబడి, ఆయన భుజం మీద వేలితో తట్టినట్టు చేసి, నీళ్ళవైపు చూపించి, వెళ్ళనా అన్నట్టు మొహం పెట్టింది. తర్వాత ఆయన చోటులోకొచ్చి కూర్చుంది. వీపు తిప్పుకునే తల ఊపింది. అచ్చం ఆయన ఊపినట్టే, నెమ్మదిగా, రెండుసార్లు.

పిల్ల అడిగే వెళ్ళింది. తనే పంపాడు.

 ఆవిడ అనీబల్ మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది, గజఈతగాళ్ళ చెక్కమంచె వైపు. నాలుగడుగులు వేశారో లేదో ఆవిడ ఆగి ముందుకి చూపించింది.

మంచె చుట్టూ జనం ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. తువ్వాళ్ళు తిప్పుతున్నారు. టోపీలు, చొక్కాలు, ఒకాయన చేతిలో చాప కూడా, అన్నీ తలలపైన గిరగిరా తిరుగుతున్నాయి. మధ్యలో ఒక కుర్ర ఈతగాడి భుజాల మీద మిలెనా. పసుపు టోపీ చేత్తో పట్టుకుని క్వారీలో మేస్త్రీ తిప్పినట్టే తిప్పుతోంది. గండం గడిచింది, రావచ్చు.

ఆయన ఎలా చేరాడో ఆయనకే తెలియదు. పిల్లని లాక్కుని ఇసుకలో కూర్చుని, దాని మెడలో మొహం పెట్టి ఏడ్చాడు. ఈతగాడు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నోరు బాగా తెరిచి, మాట మాట విడదీసి చెప్పాడు: "చప్పట్లు కొట్టొద్దంది పెద్దాయనా. మా తాతకి వినపడదు, టోపీలు తిప్పండి, చూసి వస్తాడు అంది."

ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.

"నీకెవరు చెప్పారే?" అని మిలెనాని అడిగాడు. పిల్ల ఆయన ఎడమ పక్కకి తిరిగి చెవికి నోరు ఆనించింది.

"నాకు తెలుసు తాతా. అమ్మకి చెప్పలేదుగా. ఇది కూడా చెప్పనులే."

ఎడమ చెవే. ఎప్పుడూ ఎడమ పక్కనే నడిచేది, ఎడమ పక్కనే కూర్చునేది. పోస్టువాడు వస్తే చొక్కా లాగేది. ఆటనుకున్నాడు ముసలి మూర్ఖుడు! ఎల్సా మోసిన బరువుని ఈ వేలెడంత పిల్ల మోస్తోంది. తన అబద్ధానికి కాపలా కాయించి, తల్లి దగ్గర నోరు కుట్టించాడు. నీళ్ళలో కలిగిన భయం కంటే ఈ సిగ్గు ఆయన్ని ఎక్కువ కోసింది.

తిరుగు బస్సులో మిలెనా ఆయన ఒళ్ళో నిద్రపోయింది. బల్కార్సె దీపాలు కనపడేదాకా ఆయన కన్ను మూయలేదు.

బస్టాండులో గ్రిసెల్దా ఎదురుచూస్తోంది, షెడ్డు బూట్లు కూడా విప్పలేదు. బస్సుల మోత. ఆమె నవ్వుతూ ఏదో అడిగింది. నిద్రమత్తులోనే మిలెనా తాత ఎడమ చేతిని లాగింది, అడిగిందేమిటో అందించడానికి. అనీబల్ ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"వినపడలేదమ్మా," అన్నాడు కూతురితో. "ఈ పూటే కాదు. మీ అమ్మ ఉన్నప్పటినించీ వినపడదు. ఇవాళ పిల్లని పోగొట్టుకున్నాను. అదే నన్ను వెతుక్కుంది."

గ్రిసెల్దా మొహంలో నవ్వు ఆరిపోయింది. వంగి పిల్లని తన భుజాన వేసుకుంది. పిల్ల వీపు మీద చెయ్యి వేసి, తండ్రి వంక చూస్తూ ఏదో అంది, చాలాసేపు అంది. ఒఫేలియా పేరు వచ్చిందో లేదో ఆమె పెదాల మీద ఆయన పోల్చుకోలేకపోయాడు.

అలాగే నిలబడ్డాడు. తల మాత్రం ఊపలేదు.